గేటు దగ్గర తాతను

మా కొడుకు కూతురు కర్నూలు బడిలో ఏడో తరగతిలో చేరినప్పటి నుంచి నా డైరీలో సాయంత్రం నాలుగున్నరకు ఒకే మాట పడుతోంది: "ఏం లేదు." ఇంటికి నడిపించుకొస్తూ బడిలో ఏం జరిగిందని అడిగితే ఇదే జవాబు. నిరుడు కోయిలకుంట్లలో ఉన్నప్పుడు ఈ పిల్ల వాగుడుకు తల తిరుగుతోందని నేనే రాసుకున్నాను. పన్నెండేళ్లు నిండాయి, అంతే.

మొన్న శుక్రవారం గేటు దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "తాతా, తాతా" అని పిలిచారు. నేను తిరగలేదు. మా వైపు తాత అంటే అమ్మ వాళ్ల నాన్న. నాన్న వాళ్ల నాన్న అయితే అబ్బ. మాటలు వచ్చిన నాటి నుంచి ఈ పిల్ల నన్ను అబ్బ అనే పిలిచింది. బడి ఖాళీ అయ్యేదాకా చూసి, కాపలా మనిషిని రెండుసార్లు విసిగించి, ఇంటికి వస్తే, మహాతల్లి మంచం మీద కూర్చుని బొరుగులు తింటోంది.

"అన్నిసార్లు పిలిస్తే పలకవేం? అందరూ చూస్తాండారని ఆటో ఎక్కేసినా."

"పలకడానికి మీ తాత ఈడ యాడుండాడు మే? ఆయప్ప మైదుకూరులో ఉండాడు."

"అబ్బా అని పిలిస్తే మా క్లాసు పిల్లోల్లు నొప్పి యాడ అని అడుగుతాండారు. ఒక పిల్ల నొప్పుల మందు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది."

నాకు నవ్వొచ్చింది. అదే నేను చేసిన తప్పు. గిన్నె అక్కడే పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది. ఆదివారం సాయంత్రం వాళ్లమ్మతో కబురు: "రేపటి నుంచి రావద్దని చెప్పు. నేనే వస్తా."

ఈ రెండు రోజులూ నేను కూర్చున్న గదిలోకి అడుగే పెట్టలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ పై అధికారీ నన్ను ఇంతగా సాధించలేదు. ఆ నడక కూడా పోతే ఈ పిల్ల నాతో మాట్లాడే వేళే ఉండదు.

సోమవారం రావద్దన్నా వెళ్లాను. నలుగురు ఆడపిల్లల మధ్య నుంచి నన్ను చూసి ముఖం ముడిచింది. అయినా "తాతా" అంది, పరీక్ష పెట్టినట్టు.

మైదుకూరు వియ్యంకుణ్ణి మనసులో తలచుకుని, "వస్తాండా" అన్నాను.

పాలబూత్ దగ్గర ఆ పిల్లలు వేరే సందులోకి తిరిగారు. నాలుగడుగులు వేశామో లేదో, "అబ్బా, ఈ బ్యాగు పట్టుకో. శానా బరువుండాది," అంది. అక్కడి నుంచి ఇంటిదాకా ఆ మందు డబ్బా పిల్లను తిడుతూనే ఉంది.

డైరీలో రాశాను: గేటు దగ్గర తాత, పాలబూత్ దాటాక అబ్బ. బ్యాగు మోసేది మాత్రం అబ్బే.