పెట్టెలో అన్న ఈల

మిల్లులో అతన్ని అందరూ ‘మైకు’ అనేవారు. రెండు వందల మరమగ్గాలు ఒకే కప్పు కింద దడదడలాడే చోట పాతికేళ్ళు మగ్గాలు బాగుచేసినవాడికి మెల్లగా మాట్లాడటం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంట్లో మంచినీళ్ళడిగినా వీధి చివరిదాకా వినపడేది. పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు, అతనూ నవ్వేవాడు. ఆ పేరు వెనక ఏముందో ఒక్కరన్నా ఆలోచించారా అంటే, లేదు.

మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి ముందుగదిలో కూర్చుంటే లోకం అక్కర్లేదు అతనికి. బల్ల మీద ఒక చెక్క పెట్టె ఉండేది. రేడియో మెకానిక్కుగా బతికిన అతని అన్న, పోయే ముందు ఏడాది తమ్ముడికోసం చేత్తో చేసిన ట్యూబు ప్రీయాంప్లిఫయర్ అది. టేపులోంచి వచ్చే సన్నటి ధ్వనిని అందుకుని, పెంచి, స్పీకర్ల వైపు పంపడం దాని పని. లోపల సన్నగా వెలిగే రెండు గాజు ట్యూబులు, అన్న వారం రోజులు చుట్టుచుట్టూ లెక్కపెట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు, ముత్యాల్లాంటి సోల్డరింగు అతుకులు.

“ఒరేయ్, ఒక్క మాట గుర్తుపెట్టుకో,” అన్నాడు అన్న, పెట్టె చేతికిస్తూ. “తేడా వచ్చిందని వెంటనే విప్పి కూర్చోకు. విప్పే ముందు బయటంతా చూడు. నూటికి తొంభైసార్లు రోగం బయటే ఉంటుంది.”

పెట్టెను పరీక్షించడానికి అన్న ఒక టేపు రికార్డు చేశాడు. బల్ల మీద స్క్రూడ్రైవరు పెట్టిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఆ తర్వాత ఈల. పనిలో ఉన్నప్పుడల్లా వేసే ఈలే. ఏ పాటా కాదు, సన్నగా పైకి లేచి అక్కడే తిరుగుతూ ఉంటుంది. మనిషి పోయాక మిగిలింది అంతే, గొంతు ఇంకెక్కడా లేదు.

రెండేళ్ళ కిందట ఆ ఈల పలచబడింది. అతను టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు, అదే మసక. అన్న చెప్పినట్టే ముందు బయట చూశాడు. ప్లగ్గు చూశాడు, వైర్లు మార్చాడు, టేపు రికార్డరు హెడ్డు తుడిచాడు, స్నేహితుడి స్పీకర్లు తెచ్చి తగిలించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది పెట్టేగా! విప్పాడు.

మొదట ట్యూబులు మార్చాడు. రెండు రోజులు ఈల వచ్చినట్టే అనిపించింది, మూడో రోజుకి మళ్ళీ మసక. తర్వాత కండెన్సర్లు, ఆ తర్వాత లోపలి వైరింగంతా. అన్న వేసిన అతుకులు ఒక్కొక్కటీ కరిగించి తీయడానికి మనసొప్పలేదు. అయినా తీశాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మరి! చివరికి ఆ ట్రాన్స్‌ఫార్మరు కూడా తీసేసి కొత్తది బిగించాడు. పాత సామానంతా ఒక సంచిలో వేసి, వీధిలో ఇనుప సామాన్లు కొనేవాడికి ఇచ్చేశాడు. ఈల మాత్రం రాలేదు. కీచుదనం పెంచే మీట ఆ కొసకి తిప్పి పెట్టినా రాలేదు.

భార్య వంటగది తలుపు మూసుకునేది. “ఏమండీ, తగ్గించండి, చెవులు చిల్లులు పడుతున్నాయి!” అని అరిచేది. ఆవిడకి పెట్టె అంటే మొదట్నుంచీ మంట, సణుగుడు మామూలేలే అనుకునేవాడు. “మీకు చెప్పేకంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం,” అని విసుక్కుని ఊరుకునేది.

వదిన ఒక్కటే అడిగేది. భర్త పోయాక ఆ టేపు వినే ధైర్యం ఆవిడకి ఆరేళ్ళు రాలేదు. ధైర్యం చిక్కాక మరిది దగ్గరికి కబురు పంపింది, ఒక్కసారి వినిపించమని. “ఉండు వదినా, కాస్త మసకబారింది, బాగుచేసి వినిపిస్తా,” అంటూ రెండేళ్ళు దాటేశాడు. ఇక ఆగలేక ఒక ఆదివారం ఉదయం, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి ఆవిడే వచ్చింది.

“బాగవకపోతే పోనీలేవయ్యా. ఎంత వినిపిస్తే అంత.”

సిగ్గుపడుతూనే టేపు పెట్టాడు. స్క్రూడ్రైవరు చప్పుడు వచ్చింది. కుర్చీ జరిగింది. తర్వాత మామూలుగానే నిశ్శబ్దం.

వదిన రెండు చేతులతో చెవులు మూసుకుంది.

“అబ్బ! తగ్గించవయ్యా! చెవిలో సూది దించినట్టుంది!”

“ఏది వదినా? ఏం వస్తోంది?”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది మొదట. తర్వాత ఆవిడ మొహం మారిపోయింది. లేచి తనే మీట తగ్గించింది.

“మీ అన్న ఈల,” అంది గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. “ఇప్పుడూ వస్తోంది. నీకు వినపట్లేదూ?”

అతను కుర్చీలో కూలబడ్డాడు. అన్నీ చూశాడు బయట. ప్లగ్గు చూశాడు, వైర్లు చూశాడు, స్పీకర్లు చూశాడు. తన తలకి అటొకటీ ఇటొకటీ ఉన్నవాటిని చూడలేదు. మగ్గాలు పాతికేళ్ళుగా తినేసిన చెవులు పెట్టుకుని, అన్న చేసిన పెట్టెని ముక్కముక్కా పీకి పారేశాడు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు, ఇక్కడ కొండనాలికకి అసలు రోగమే లేదు.

“ఇంత కరుకుగా ఉండేది కాదే,” అంది వదిన, టేపు ఆగాక. “పెట్టె చేసినప్పుడు ఆయన ఈ టేపు వినిపిస్తే మెత్తగా, పక్కనే ఉన్నట్టుండేది. ఆయన చుట్టినవీ అతికినవీ తీశావా? దాచే ఉంటావుగా, మళ్ళీ పెట్టించు.”

“ఒక్కటీ లేదు వదినా. ఇచ్చేశాను. ఎవడో వీధిలో పోయేవాడికి ఇచ్చేశాను.” అని బావురుమన్నాడు. అంత గట్టి గొంతుతో ఏడిస్తే వంటగదిలోంచి భార్య పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని టేపు వెనక్కి తిప్పాడు. “ఇంకొక్కసారి పెడతా. ఈల మొదలవగానే చెయ్యెత్తు వదినా. అయిపోయాక దించు.”

కుర్చీ జరిగిన చప్పుడయ్యాక వదిన చెయ్యెత్తింది. ఆవిడ పెదాలు అదురుతున్నాయి. అతను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు, ఆవిడ దించేదాకా.