దొరగారిని ఎవరూ ఎత్తుకోని రోజు

మా అత్తగారు పిల్లికి కూడా బిచ్చం పెట్టదని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. పచ్చి అబద్ధం. మనుషుల సంగతేమోగాని, పిల్లికి మాత్రం కడుపునిండా పెడుతుంది. ముందుగదిలో ఆవిడ కుట్టుమిషను, చుట్టూ స్కూలు యూనిఫారాల గుట్టలు, ఆ గుట్టల మీద మా ముసలి పిల్లి. వాడి పేరు దొరగారు. మేమంతా తన నౌకర్లమన్నట్టు చూస్తాడు.

ఈమధ్య వాడికి కీళ్లవాతం ముదిరింది. వెనక కాళ్లు ఈడుస్తున్నాడు. పశువుల డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. ఇక మందులు పనిచెయ్యవని, బాధ లేకుండా సూదితో పంపించే సంగతి ఆలోచించుకోమని చెప్పింది.

మామయ్య ఇంతెత్తున లేచాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"వాడికేమైందమ్మా? నేను లేచేసరికి రోజూ కిటికీలో కూర్చునే ఉంటాడు!"

అత్తయ్య గొంతు సవరించుకుంది. "నేనే ఎక్కిస్తున్నానండీ. దిగడం మాత్రం వాడే దిగుతాడు."

మామయ్య నసిగాడు. "అదీ... నేనే దించుతున్నా."

"మరి గిన్నె దగ్గరికి?" అంది డాక్టరమ్మ.

"నేను," అన్నాను.

ఒకరికి తెలియకుండా ఒకరం వాణ్ని మోస్తూ, పిల్లి భేషుగ్గా తిరుగుతోందని ముగ్గురం సంబరపడుతున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇంకెవరైనా అయితే ఏడుస్తూ కూర్చునేవారు. అత్తయ్య అలాంటిది కాదు. "రేపొక్కరోజు వాణ్ని ఎవరూ ముట్టుకోకండి. వాడి సంగతేంటో వాణ్నే చెప్పనిద్దాం," అంది.

మర్నాడు ఆవిడ చేతులు కుడుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం వాడి మీదే. దొరగారు కిటికీ వైపు చూశాడు. లేవబోయి కూలబడ్డాడు. గిన్నె కనబడుతున్నా వెళ్లలేకపోయాడు. మధ్యాహ్నానికి ఉన్నచోటే తడిపేసుకున్నాడు. అవతలికి జరగాలని ముందుకాళ్లతో నేల గోకి గోకి, జరగలేక మొహం తిప్పుకున్నాడు. ఎంత శుభ్రమైన పిల్లి! నేను ఆగలేక లేవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. తర్వాత తనే లేచి, గోరువెచ్చని నీళ్లతో వాణ్ని తుడిచి, డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"మీరెవరూ రావద్దు. పాపమంటూ ఉంటే నాకే తగలనీ," అని వాణ్ని తువ్వాల్లో చుట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లింది. ఆ ధైర్యం నాకు ఏ జన్మకీ రాదు.

ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. మామయ్య గుమ్మంలోనే అడ్డుపడ్డాడు.

"చంపించి వచ్చావా? ఇంకో నెల ఉండేవాడు కదే!"

"ఉండేవాడండీ. ఆ నెల మనకి కావాలి, వాడికి కాదు," అంది అత్తయ్య. "నా చేతిలో తల పెట్టుకునే పోయాడు. ఆఖర్న ఒళ్లంతా వదులైంది. నొప్పి లేనప్పుడు వాడు ఎలా ఉండేవాడో అప్పుడు గుర్తొచ్చింది నాకు."

మామయ్య అడ్డు తప్పుకున్నాడు. ఆవిడ లోపలికొచ్చి కూర్చుని, అప్పుడు ఏడ్చింది.