అన్న రేగడి, నా రాళ్లు

మా అన్నతో నాకు మాటలు లేవు. పొలం పంచుకున్న రోజు నుంచీ లేవు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ కారణం అడగరు. కొత్తవాళ్లెవరైనా అడిగితే మాత్రం మొదటి నుంచీ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను.

గట్టు అనే ఊరి నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఉంది మా నాయన పొలం. దక్షిణం వైపు పల్లం, అంతా నల్లరేగడి. ఉత్తరం వైపు మిట్ట, ఎర్రనేల, దాని మీద రాళ్లు. పంపకాల్లో మా ఊరి పెద్దమనుషులది ఒకటే పాట: పెద్దవాడిది దక్షిణం, చిన్నవాడిది ఉత్తరం. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు, వాళ్ల తాతలు అలా చేశారట. గొలుసు పట్టి కొలిచారు, నడుమ హద్దుగా గెట్టు వేశారు, చేతులు దులుపుకున్నారు. "మరి ఆ రాళ్ల సంగతేంది?" అని నేనడిగాను. మా అన్న నవ్వాడు. "ఏరుకుంటడు తియ్యిండ్రి, వానికేం పని?" అన్నాడు. పెద్దమనుషులు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకింకా చెవిలో ఉంది.

అసలు బాధ అది కాదు. ఆ రాళ్లలో చాలావరకు ఉత్తరానివి కానే కావు. మా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం నాయన మా ఇద్దరినీ దక్షిణం వైపు రాళ్లు తీయడానికి దింపేవాడు. అన్న గడ్డపారతో పెళ్లగించేవాడు. నేను గంపకెత్తుకుని, నెత్తిన పెట్టుకుని, మిట్ట ఎక్కి ఉత్తరాన పోసి వచ్చేవాడిని. అప్పుడు పంపకాలన్న ఆలోచన ఎవరికీ లేదు. అంటే ఆయన భాగాన్ని నేను శుభ్రం చేశాను. ఆ చెత్తంతా తెచ్చి నా భాగంలో నేనే పోసుకున్నాను. నెత్తి మీద జుట్టు అందుకే ఊడిందని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. నాకు నవ్వు రాదు.

తర్వాత నేను నాగర్‌కర్నూల్ పోయి బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం పెట్టుకున్నాను. అన్న రేగట్లో విత్తనాల కంపెనీల కోసం సీడు పత్తి వేసి బాగానే ఉన్నాడు. నా మిట్టలో ఆముదాలు వేస్తే ఆముదాలు, కంది వేస్తే కంది, ఏదైనా సరే రాళ్ల సందున నాలుగు మొక్కలు బతికేవి. దున్నడానికి వచ్చిన ట్రాక్టరువాడు నాగలి కర్రు విరిగిందని నన్ను తిట్టి పోయేవాడు. రోడ్డు వెడల్పు చేస్తూ నా దుకాణం పడగొట్టాక ఊరికి తిరిగొచ్చాను. రోజూ పొద్దున లేవగానే ఎదురుగా ఆ రాళ్ల కుప్పలు, వాటి వెనక పచ్చగా అన్న పత్తి.

ఆ రోజుల్లోనే వనపర్తిలో ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే షాపు ఒకటి మూసేస్తున్నారని తెలిసింది. మోటారు చూడమని పిలిస్తే పోయాను. అక్కడొక మిషన్ ఉంది. మూతలేని పెద్ద గిన్నె, కింద స్ప్రింగులు, స్ప్రింగుల కింద మోటారు. నడిపిస్తే గిన్నె గిరగిరా తిరగదు, వణుకుతుంది. లోపల వేసినవన్నీ ఒకదానికొకటి రాసుకుంటూ సుడి తిరుగుతాయి. వైండింగ్ కాలిపోయిందని పాత ఇనుముకు వేయబోతున్నారు. నేను తెచ్చుకుని, బాగుచేసి, బోరు పక్కన రేకుల షెడ్డులో పెట్టుకున్నాను.

ఎందుకంటే ఇత్తడి సామాన్లకు మెరుగు వస్తే రాళ్లకెందుకు రాదని నాకు పట్టుకుంది. రాళ్ల మీద ప్రేమతో కాదు. ఆ మిట్ట చెత్త కాదు అని మా అన్న నోటితో అనిపించాలి. నాకు కావలసింది అదొక్కటే. దాని కోసం ఎన్నాళ్లయినా ఆ మిషన్ ముందు కూర్చుంటాను అనుకున్నాను.

"గీ రాళ్లు ఉడకబెడ్తున్నవా ఏంది?" అంది మా ఆవిడ మొదటిరోజు ఆ గరగర విని. "ఉడికినంక చెప్పు, అన్నం వడ్డిస్త."

కుప్పల్లోంచి చిన్న రాళ్లు ఏరి గిన్నెలో పోసి, ముతక పొడి వేసి, కాసిన్ని నీళ్లు చల్లి నడిపించాను. గ్రానైట్ నునుపు చేసేవాళ్లు వాడే పొడే అది. ఆ మొదటి దశ బాగానే జరిగింది. రాళ్ల అంచులు అరిగి, ఆ అరుగుడే బురదై, పొడిని రాళ్లకు పట్టించింది. తర్వాతి దశలోనే తిప్పలు. కడిగిన రాళ్లు వేసి సన్నపొడి వేస్తే, పలుచటి నీళ్లలో ఆ పొడి నిలవదు. అడుగుకు చేరి కూర్చుంటుంది. రాళ్లు పైన ఊరికే ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. రోజులు గడుస్తున్నా పలుగురాయి పాలిపోయినట్టే ఉంది. ఫోనులో వెతికితే ఒకాయన గిన్నెలో బంకమట్టి కలిపిన నీళ్లు పోస్తున్నాడు. భాష నాకు అర్థం కాలేదు కానీ పని అర్థమైంది. మట్టి నీళ్లకు చిక్కదనం ఇస్తుంది, పొడిని రాయికి అంటిస్తుంది. బురద దానంతటది తయారయ్యేదాకా కాచుకోవలసిన పని లేదు.

నా భాగంలో ఎర్రమట్టి తవ్వి కలిపాను. దాన్నిండా ఇసుక. అంతవరకూ అరిగిన రాళ్లన్నీ గీతలు పడ్డాయి. చెరువు మట్టి తెచ్చాను, అందులో గుల్లలు, మళ్లీ ఇసుక. మా ఆవిడ చూసి చూసి, "కిరాణం దుకాన్ల ముల్తానీ మట్టి అమ్ముతరు, తెచ్చుకోరాదు?" అంది.

"మన్ను గూడ కొనుక్కోవాల్నా?" అని అరిచాను. "మా నాయన పొలంల రేగడి పెట్టుకొని?"

నిజానికి ఆ ముల్తానీ మట్టి పనిచేసేదే. నాకు తెలుసు. కానీ ఇది మట్టి సంగతి కాదు. ఆ రేగడిలో నాకు సగం రావాలి. రాలేదు. ఒక బకెట్టు తీసుకుంటే ఏం పోతుంది? అన్న విత్తనాల పని మీద గద్వాల పోయినరోజు, మిట్టమధ్యాహ్నం, దాక్కోకుండా గెట్టు దాటాను. కాలువ ఒడ్డున గడ్డపారతో తవ్వి బకెట్టు నింపుకున్నాను. చూస్తే చూడనీ అనే పోయాను, కానీ ఎవరూ చూడలేదు. కాస్త నిరాశగా కూడా అనిపించింది.

రేగడిని నానబెట్టి, బాగా కలిపి, కాసేపు ఊరుకున్నాను. సుద్దముక్కలు, రవ్వ అడుగుకు దిగాక పైన నల్లనీళ్లను పాతచీర గుడ్డలో వడగట్టాను. ఆ చీర పాతది కాదని తర్వాత తెలిసింది, ఆ గొడవ వేరు. ముందు ఎర్రమట్టి ఎంత వేశానో ఈసారి రేగడి కూడా అంతే వేశాను. అది నానిన కొద్దీ ఉబ్బింది. గిన్నెలో రాళ్లు కదలడం మానేశాయి, మోటారు మాత్రం మూలుగుతోంది. మా అన్న మట్టి కూడా మా అన్నలాంటిదే, కాస్త చోటిస్తే అంతా ఆక్రమిస్తుంది. సగం తీసి పారేసి నీళ్లు చల్లాను. జొన్న అంబలిలా జారే చిక్కదనం వచ్చేసరికి గిన్నె చప్పుడే మారిపోయింది. గరగర పోయి మెత్తటి ముద్ద చప్పుడు. రాళ్లు ఒకటి వెనక ఒకటి నెమ్మదిగా సుడి తిరగడం మొదలుపెట్టాయి.

అదివరకు వారం నడిపినా రాని నునుపు మూడోనాటికే వచ్చింది. చివరి దశలో మెరుగుపొడి వేసి, మళ్లీ అదే రేగడి నీళ్లు పోసి, కడిగి చేతిలోకి తీసుకున్నాను. నేను నెత్తిన మోసిన రాళ్లేనా ఇవి! కొన్ని కాకరకాయ పచ్చ, కొన్నిటిలో ఎర్రటి చారలు. పలుగురాయిని ఎండకు పట్టుకుంటే వెలుతురు లోపలిదాకా పోతోంది. ఇన్నేళ్లూ వాటిని తిట్టాను. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టాను.

ఆ తర్వాత నేను చేసిన పని తప్పని ఎవరన్నా ఒప్పుకోను. ఆ రాళ్లను తీసుకెళ్లి గెట్టు పొడవునా, అన్న వైపు కనిపించేలా పేర్చాను. గిన్నె కడిగిన నల్లబురద కూడా అక్కడే పోశాను. పత్తి చేనుకు పోతూ వదిన ఒక రాయి తీసి కొంగుకు తుడుచుకుంది. వెనకనుంచి అన్న "పారెయ్యి దాన్ని" అని అరిచాడు. ఆమె పారేయలేదు, మెల్లగా ఉన్నచోటే పెట్టింది. అన్న ఆ నల్లబురద చూశాడు, కాలువ ఒడ్డున గుంట చూశాడు. సాయంత్రానికి టీ హోటలు దగ్గరికి రమ్మని నాకు పెద్దమనుషుల కబురు.

"నా చేన్ల మన్ను ఎత్కపోయిండు," అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

"మన్నా?" అన్నాడు పెద్దాయన ఒకడు టీ గ్లాసు దించి. "బంగారమేమో అనుకున్న."

"ఎంతన్న కానీ. దొంగతనం దొంగతనమే."

"గది మా నాయన మన్ను," అన్నాను నేనూ పెద్దాయన వైపే చూస్తూ.

"గట్లయితె గా రాళ్లు గూడ మా నాయనయే. నా దిక్కుకెల్లి పోయినయే. గిప్పుడు మెరుస్తున్నయని అన్నీ వానియే అయితయా? నావి నాకియ్యమనుండ్రి."

నాకు రక్తం తలకెక్కింది. ఇద్దరి మధ్యా అందరూ ఉన్నారని కూడా మరచిపోయి, నేరుగా ఆయన మొహం మీదే అన్నాను. "తీస్కపో! అప్పుడు మోసింది నేను. గిప్పుడు నువు మొయ్యి."

పెద్దాయన నవ్వాడు. "అయిపాయె. మన్ను చిన్నోనికి, రాళ్లు పెద్దోనికి. ఇగ లేవుండ్రి," అన్నాడు. అందరూ నవ్వుతూ లేచారు.

సగం పంతం గెలిచినట్టే కదా, రాళ్లకు విలువుందని ఒప్పుకున్నాడు కదా అని మా ఆవిడ అంది. కాదు. నన్ను దొంగ అని పిలిచిన నోటితో అనేది ఒప్పుకోలు కాదు. నాకు అది చాలదు.

అన్న రాడని నేననుకున్నాను. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు. ట్రాలీ, నలుగురు కూలీలు, లుంగీ ఎగ్గట్టిన మా అన్న. ఏ రాయి ఎవరి వైపుదో ఎలా తెలుస్తుంది? తెలియదు కాబట్టి అన్నీ ఎత్తించాడు. ఈ వయసులో తనూ వంగి ఎత్తాడు. నడుం పట్టేస్తే నిలబడి, మళ్లీ వంగాడు. నేను షెడ్డు గుంజకానుకుని చూస్తూ నిలబడ్డాను. తీస్కపో అన్నది నేనే, ఏమని ఆపను? పంచుకున్న దగ్గర్నుంచీ ఆ కుప్పలు పోవాలని కోరుకున్నవాణ్ణి, అవి పోతుంటే ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఏడుపే వచ్చింది.

అన్నీ తీసుకుపోయి తన వైపు గెట్టు వెంట కట్టలా పోయించాడు. నా మిట్ట బోడిగా, ఎర్రగా, ఒక్క రాయి అడ్డం లేకుండా మిగిలింది. మా ఆవిడ చెప్పులు విడిచి ఆ నేల మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చింది. "మంచి పని చేసిండు మీ అన్న. ఇగ దున్నిపియ్యి," అంది. ఆ మాటకు నేను రెండ్రోజులు ఆమెతో కూడా మాట్లాడలేదు. అది సాయం అంటే నేనొప్పుకోను. కక్షతో చేశాడు. మేలు జరిగితే అది ఆయన తప్పు కాదు.

మిషన్ ఖాళీగా ఉంది. చేతినిండా రేగడి ఉంది, అదీ పంచాయితీలో గెలిచిన రేగడి. గిన్నెలో వేయడానికి రాయి లేదు. అటు కట్ట మీద చేయి వేస్తే తీసుకోవచ్చు, కానీ మళ్లీ దొంగ అనిపించుకోవడం నావల్ల కాదు. రోజూ షెడ్డులోకి వెళ్లి, మోటారుకు గుడ్డతో దుమ్ము తుడిచి, బయటికి వచ్చేవాడిని. ఆ కోపంలోనే మిట్ట దున్నించాను. కర్రు విరగలేదని ట్రాక్టరువాడు నవ్వుకుంటూ పోతే వాడి మీద కూడా కోపమొచ్చింది.

ఒక పొద్దున బోరు మోటారు వేసి, కొత్త దుక్కికి నీళ్లు కడుతున్నాను. గెట్టు దాటి అన్న వస్తున్నాడు. పంచుకున్న తర్వాత ఆయన ఒక్కడే నా నేల మీద కాలు పెట్టడం అదే మొదటిసారి. చేతిలో బకెట్టు. బరువుకు ఒక పక్కకు వంగిపోయి నడుస్తున్నాడు. నేను ఎదురుపోలేదు.

షెడ్డు ముందుకు వచ్చి ఆగాడు. బకెట్టులోకి చూశాను. రాళ్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి, ఉసిరికాయంత, రేగుకాయంత, మిషన్‌కు సరిపోయేవి. వాటి మీదుగా రేగడి నీళ్లు. వేలు ముంచి రుద్ది చూశాను. ఇసుక తగల్లేదు. వడగట్టి తెచ్చాడు. మా ఆవిడా వదినా మాట్లాడుకోవడం ఎన్నడూ మానలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"నడిపియ్యి," అన్నాడు, మిషన్ వైపు చూస్తూ.

"కరెంటు లేదు," అన్నాను.

వెనకాల బోరు గుడగుడమని పోస్తోంది. ఆయన ఆ నీళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే తిట్టనీ అనే ఉన్నాను. బకెట్టును జరిపి నీడలో పెట్టాడు. భుజం మీది తువ్వాల తీసి నేల దులిపి, షెడ్డు గుంజకు వీపు ఆనించి చతికిలబడ్డాడు.

"వచ్చేదాంక కూసుంట," అన్నాడు.