ధ్రువ నక్షత్రానికి తోక

మా అన్నయ్య ఓడ్వార్ తప్పెక్కడుందో తేల్చందే నిద్రపోయే మనిషి కాదు. తలుపు కిర్రుమంటే తలుపే ఊడదీస్తాడు. జాడీ మూత రాకపోతే జాడీ చేసినవాణ్ణి తిడతాడు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకి, మా ఫ్యోర్డ్‌కి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కార్లనీ మనుషులనీ దాటించే ఫెర్రీకి ఆయన కెప్టెన్. అదే ఫెర్రీ కింది అంతస్తులో కాఫీ కొట్టు నాది. పైన కూర్చుని ఆయన హుకుం వేయడం, కింద నేను గొణుక్కుంటూ చేయడం చిన్నప్పట్నుంచీ అలవాటే కనుక ఉద్యోగంలోనూ ఇబ్బంది లేకుండా జరిగిపోయింది.

ఆకులు రాలే రోజుల్లో కిటికీల గొడవ మొదలైంది. చుక్కాని గది అద్దాల మీద ఉప్పు పేరుకుని దీపాలన్నీ చెదిరి కనిపిస్తున్నాయట. వేడినీళ్ళు పంపమని కబురు. బకెట్ నింపి పంపేదాన్ని, డెక్కు మీది వాళ్ళు కడిగేవారు, మళ్ళీ కబురు వచ్చేది. ముందు ఉప్పన్నాడు, తర్వాత తుడిచే గుడ్డ బాగాలేదన్నాడు, ఆఖరికి అద్దమే నాసిరకమన్నాడు. నాకు చేతులు నొప్పెట్టాయి, ఒళ్ళు మండింది. అనుమానం మాత్రం రాలేదు.

అన్నయ్య దుర్భిణి కొన్నది ఆ రోజుల్లోనే. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన హెల్లాన్ మాస్టారిది. మెడనొప్పి వచ్చి అమ్మేశాడు. పొడుగాటి తెల్ల గొట్టం, దాని మూతి దగ్గర రెండు అద్దాలు ఒకదాని వెనక ఒకటి. చలికాలంలో మాకు మధ్యాహ్నం కాఫీ కప్పు కడిగేలోపే చీకటి పడుతుంది, కాబట్టి చుక్కలు చూడటానికి మేలుకోనక్కర్లేదు. మబ్బు లేని మొదటి సాయంత్రమే అన్నయ్య పెరట్లోంచి ఫోన్ చేశాడు.

"మాస్టారు నన్ను నిలువునా ముంచాడు. ధ్రువ నక్షత్రానికి తోకుంది."

"ఉంటే ఉండనీ. ఎవరికి అడ్డం?"

"నీకు చెప్పాను చూడు, నాకు బుద్ధి లేదు. చుక్కన్నాక చుక్కలా ఉండాలి. దీనికి కుడి పక్కన పైకి ఒక తోక."

లోపం పట్టుకునే పద్ధతి తనే చెప్పాడు. గొట్టంలో ముక్కలన్నీ ఒక్కొక్కటిగా తిప్పుతూ పోవాలి. ఏ ముక్క తిప్పితే తోక కూడా తిరుగుతుందో తప్పు ఆ ముక్కది. మొదట గొట్టాన్ని చలిలో చల్లారనిచ్చాడు, తోక పోలేదు. కంటి దగ్గరి లెన్స్ తిప్పాడు, వేరేది అరువు తెచ్చి పెట్టాడు. తోక అలాగే ఉంది. మెడ వంచకుండా చూసేందుకు బిగించిన వంపు గొట్టం తీసేసి, గొర్రెతోలు పరిచి మంచులో మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. గొట్టం మూతి దగ్గరి అద్దాలు మరీ బిగిస్తే నలిగి చుక్క వంకరపోతుందని వాటి చుట్టూ ఉన్న రింగు కాస్త వదులు చేశాడు. ఆ అద్దాలనీ తిప్పాడు. తోక కదల్లేదు.

"రెండో కంటితో చూడరాదూ?" అన్నాను ఒకసారి.

"నాకు ఎడమ కన్ను అలవాటు లేదు," అని ముఖం తిప్పుకున్నాడు.

వారాలు ఇదే వరస. ఫెర్రీ దిగి ఇంటికొచ్చి మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ముఖం పీక్కుపోయింది. మా వదిన గున్వోర్ చేపల సూప్ మూడుసార్లు వేడిచేసి, నాలుగోసారి వేడిచేసే ఓపిక లేక పొయ్యి కట్టేసేది. ఒకరోజు కాఫీకని వెళితే వంటింట్లో గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నిన్న నేను కూడా వెళ్ళి చూశాను, బొడిల్. నాకూ తోక కనిపిస్తోందని చెప్పాను."

"కనిపించిందా?"

"ఏ తోకా లేదు. గుండుసూది మొనలా ఉంది. అలా అంటేనన్నా లోపలికొచ్చి తింటాడని."

ఆవిడ చెప్పకపోయినా మిగతాది అర్థమైంది. కొంతకాలంగా అన్నయ్య కాఫీ పోస్తే గురి తప్పి కప్పులో కాక పళ్ళెంలో పడుతోంది. ఫిబ్రవరిలో ఓడల వాళ్ళకి కంటి పరీక్ష. అది గట్టెక్కకపోతే చుక్కాని చేతిలోంచి పోతుంది. ఎలాగోలా గట్టెక్కి నడిపితే, చెదిరిన దీపాల మధ్య మా అందరినీ దాటిస్తాడు. నాకు భయం వేసింది.

"చెప్పెయ్యి వదినా."

"నువ్వు చెప్పు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే రేప్పొద్దున నన్నూ విప్పి చూస్తాడు," అంది. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

తోక వదినకీ కనిపించిందన్నాక అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. తప్పు అద్దానిదే అని తేలిపోయింది కదా. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో కాఫీలు తాగేచోట అందరి ముందూ మాస్టారిని నిలదీస్తానన్నాడు. పాపం ఆ పెద్దాయన ఎవరినీ మోసం చేసి ఎరగడు. శనివారం సాయంత్రం నేను పెరట్లోకి వెళ్ళి, గొర్రెతోలు మీద మోకరిల్లి, చూశాను.

"నాకు తోకేం కనిపించట్లేదన్నయ్యా."

"నీకు ఎదురుగా ఉన్న ఆవే కనిపించదు, తోకేం కనిపిస్తుంది? మీ వదిన చూసింది." వంటింటి కిటికీ వైపు తిరిగాడు. "గున్వోర్, ఒకసారి రా. దీనికి చెప్పు."

వదిన శాలువా కప్పుకుని వచ్చింది.

"తోక ఉందా లేదా?"

"ఉంది."

"ఎటువైపు?"

వదిన నా వైపు చూసింది. నేను ఏ సాయమూ చేయలేదు.

"కిందికి," అంది.

తప్పు అద్దంలో ఉంటే ఎవరు చూసినా తోక ఒకే వైపు ఉండాలి. అది మా ఇద్దరికీ ఆయనే నూరిపోశాడు. అన్నయ్య మెల్లగా మోకరిల్లి, గొట్టానికి కన్ను ఆనించాడు. తర్వాత తలని కుడి భుజం మీదికి వాల్చాడు. మళ్ళీ నిటారుగా తెచ్చి ఎడమ భుజం మీదికి వాల్చాడు. ఇన్ని వారాల్లో ఆయన తిప్పని ముక్క ఆ కన్నొక్కటే. ఈసారి తోకా తిరిగి ఉండాలి.

దుర్భిణికి మూత పెట్టాడు. లేవడానికి చెయ్యి చాపితే వదిన పట్టుకుంది.

"అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేవు," అన్నాడామెతో. కోపం లేదు. "సూప్ ఉందా?"

"వేడిచేస్తాను."

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. పై అధికారికి మాత్రం ఫోన్ చేసి తన కన్ను సంగతి తనే చెప్పాడు. సోమవారం పొద్దున, ఇంకా చీకటిగానే ఉంది, ఫెర్రీని మరీత అనే అమ్మాయి నడిపింది. మా అన్నయ్య ప్రయాణికుడిలా ఎక్కి, అవతలి ఒడ్డు కంటి డాక్టరు దగ్గరికని బయల్దేరి, నా కొట్టులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఇక్కడ కూర్చుని కాఫీ తాగడం నేను చూడలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఉన్నాడు. నాకు ఏడుపొచ్చి, కప్పులు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

"బొడిల్, ఆ రేవు దీపం చూడు. చెదిరి ఉందా?"

చూశాను. ఒక్క దీపం, చుట్టూ చీకటి.

"లేదన్నయ్యా. శుభ్రంగా ఉంది."

కప్పులో కాఫీ కాస్త తాగి, కిటికీ అద్దాన్ని వేలితో ఒకసారి తాకి చూసుకున్నాడు.

"అయితే ఆ వేడినీళ్ళన్నీ వృథాగా మోయించానన్నమాట," అన్నాడు.