చెట్టెక్కే మడమ

ఆ రోజు తాటిచెట్టు దిగి చూసుకుంటే కుడి మడమ తడిగా ఉంది. కల్లు ఒలికిందనుకున్నాను. నెత్తురు. మడమ కింద రెండేళ్లుగా ఓ నల్లమచ్చ ఉంది. చెట్లెక్కే కాళ్లకు కాయలు కాయడం మామూలే. ఆనెకాయేలే అనుకుని, కల్లు గీసే కత్తితోనే రెండుమూడుసార్లు చెక్కేశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

నా భార్య స్వరూప ఊరుకోలేదు. చేర్యాలలో బస్సెక్కించి సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ మచ్చ అంచులు చూసి బయాప్సీ రాసింది. రిపోర్టులో మెలనోమా అని వచ్చింది, అంటే చర్మ క్యాన్సర్. నా నోట వచ్చిన మొదటి మాట, "మల్ల చెట్టెక్కుతనా మేడం?"

"ముందుగాల పాణం దక్కనియ్యి. చెట్లు యాడికి పోతయ్?" అంది స్వరూప.

హైదరాబాద్‌లో ఆపరేషన్. మచ్చతోపాటు చుట్టూ చర్మం తీసేసి, తొడ చర్మంతో స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. గజ్జల్లోంచి లింఫ్ నోడ్ అనే గ్రంథిని తీసి పరీక్షించి, జబ్బు అక్కడికి పాకలేదన్నారు. ఆ సంతోషానికి స్వరూప వరండాలోనే కూలబడి ఏడ్చింది. సర్జన్ ఒక మాట స్పష్టంగా చెప్పారు. మచ్చ ఎంత లోతుకు దిగింది, ఎంత దూరం పాకింది అన్నవి ఇక మన చేతిలో లేవట. బీడీ మానడం, కాలు కింద పెట్టకపోవడం, చెప్పిన తేదీకి రావడం మాత్రం పూర్తిగా నా చేతిలోనే ఉన్నాయట.

బీడీ మానేశాను. కాలు దగ్గరే బుద్ధి గడ్డి తింది. తాటి గెలలు రోజూ గీయకపోతే ఊట ఆగిపోతుంది. నా చెట్లు మా బామ్మర్ది గీస్తున్నాడు. అతని పనితనం మీద నాకు నమ్మకం లేదు. మూడో వారం, స్వరూప పొలానికి వెళ్లగానే కుంటుకుంటూ వెళ్లి చెట్టుకు మోకుతాడు కట్టాను. మనిషెత్తు ఎక్కానో లేదో, గ్రాఫ్ట్ చిట్లింది. చీము, జ్వరం, మళ్లీ పది రోజులు దవాఖాన.

"ఆపరేషన్ మంచిగనే అయింది. ఇప్పుడు నీ తొందరతోని కాలు పోయేటట్టున్నది," అన్నారు సర్జన్. ఆ మాటకు నిజంగా భయపడ్డాను. స్వరూప మోకు తీసుకెళ్లి వాళ్ల అమ్మగారింట్లో పెట్టి వచ్చింది.

ఆరు నెలలు కాలు కాపాడుకున్నాను. మధ్యలో చెట్ల దగ్గరికి వెళ్లి చూస్తే, బామ్మర్ది గెలలు నాకంటే శుభ్రంగా గీశాడు. సిగ్గేసింది, నా చెట్లకేం కాదన్న ధైర్యమూ వచ్చింది.

రెండేళ్లుగా ఏ ఫాలోఅప్‌కూ తప్పలేదు, అన్నీ మంచిగానే వచ్చాయి. పొట్టి ఈతచెట్లు ఎక్కొచ్చని పోయినసారి సర్జన్ ఒప్పుకున్నారు. మర్నాడే స్వరూప మోకు తెచ్చింది, కానీ చేతికివ్వలేదు.

"అరికాలు చూపెట్టు," అంది.

ఇప్పుడది రోజూ జరిగే పనే. మీరూ నెలకోసారైనా ఇంట్లోవాళ్లకు అరికాళ్లు చూపించండి. నల్లమచ్చ కనిపిస్తే కత్తి పట్టుకోకండి, బస్సెక్కండి. నేను స్వరూప ముందు కాలు చాపాకే చెట్టు దగ్గరికి వెళ్తున్నాను.