ఆడవాళ్ళ వరుసలో నిలబడలేక

ఏళ్ళ తరబడి పవర్‌లూమ్ మీద టవళ్ళు నేసిన నేను నిరుడు వానాకాలంలో మంచం దిగడం మానేశాను. జ్వరం లేదు, దెబ్బ లేదు. వలసొచ్చిన మా తెలుగువాళ్ళ పేట నీలం నగర్‌లో పక్కింటి మగ్గాల చప్పుడు మొదలైతే దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. నా భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఎవరైనా అడిగితే నాకు నడుము పట్టిందని చెప్పేది. ఆమె చేత అబద్ధాలాడిస్తున్నానని లోపల కుమిలిపోయేవాణ్ణి.

చివరికి ఆమే నన్ను ఆటోలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు మా ఊళ్ళోనే జోడ్‌భావి పేట్ అమ్మాయి. మన తెలుగే మాట్లాడింది. పరాయి డాక్టరైతే బాగుండేదనిపించింది. మనవాళ్ళమ్మాయి ముందు, నా కూతురి వయసు పిల్ల ముందు, ఏడ్చాను.

"గోలీలు ఇస్త కాకా. గోలీలతోపాటు రోజూ ఏదన్న పని పెట్టుకుంటె ఈ బాధ తగ్గుతదని పరిశోధనలు చేసినోళ్ళు చెప్పిండ్రు," అని నా భార్యను చూపించింది. "పొద్దుగాల కాకుతోని బీడీ కార్ఖానా దాక నడువు. బీడీల గంప నువ్వే పట్టుకో."

ఒకసారి గంప పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. ఎదురింటి మగ్గాలవాళ్ళు నావైపు చూశారు. గంప అక్కడే దించి లోపలికొచ్చి పడుకున్నాను. మళ్ళీ ప్రయత్నించలేదు.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, "పోయినవా కాకా?" అని అడిగింది.

"పోలే."

ఆమె గోలీల మోతాదు పెంచబోతుంటే నా భార్య కల్పించుకుంది. "ఆయనకు సిగ్గయితున్నది బిడ్డా. బీడీలు అప్పజెప్పేకాడ వరుసల నిలవడేది అందరం ఆడోళ్ళమే."

డాక్టరు కలం పక్కన పెట్టింది. "తప్పు నాదే కాకా. ఆ పరిశోధనలోళ్ళు చూసింది ఎక్కడెక్కడి మనుషులనో. అండ్ల మగ్గం నడిపెటోడు ఒక్కడన్న ఉన్నడో లేడో. పని చెయ్యాలె అన్నది వాళ్ళ మాట. ఏం పని అన్నది నిన్ను అడగాలె. నేను అడగలే." "ఏం పనైతె నీకు బుద్ధి పుడ్తది?" అంది.

"తెగిన పోగులు అతుకుత," అన్నాను.

మర్నాడు ఒక మిత్రుడి మగ్గాల కార్ఖానాకు వెళ్ళాను. అలవాటు తప్పి పోగుకు ముడి పడలేదు. అతను చూసీ చూడనట్టు చాయ్ తెప్పించాడు. అందుకూ సిగ్గుపడ్డాను. అయినా మరుసటి రోజూ వెళ్ళాను.

ఇప్పుడు అక్కడే సగం పూట పనిచేస్తున్నాను. గోలీలు ఇంకా వేసుకుంటున్నాను. మోతాదు మార్చేముందు డాక్టరు నన్నూ అడుగుతుంది, నా భార్యనూ అడుగుతుంది. ఇంట్లో నేనెలా ఉన్నానో ఆమె చెబుతున్నంతసేపూ నేను గోడకేసి చూస్తూ కూర్చుంటాను.