బోర్లించిన జడ్డిగం

విత్తనాలు వేసే గొర్రుకు పైన ఒక చెక్క గిన్నె ఉంటుంది. దాన్ని జడ్డిగం అంటారు. కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి చేలో నాన్న ఎద్దులను తోలుతుంటే, అమ్మ వెనకాలే నడుస్తూ అందులోకి పిడికిటితో సజ్జలు వదిలేది. పని లేని రోజుల్లోనూ మా ఇళ్లలో జడ్డిగాన్ని ఉత్తగా ఉంచరు, చిటికెడు గింజలైనా వేసి పెడతారు. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఏడాదిపాటు బోర్లిస్తారు. ఏడు తిరిగాక ఇంటి ఆడమనిషి దాన్ని మళ్లీ నిలబెట్టి గింజలు పోయాలి.

నాన్న పోయి ఏడు తిరక్కముందే కొండ మీది మ్యూజియం వాళ్లు పాత పనిముట్లు అడుగుతూ వచ్చారు. నేను అమ్మను అడగలేదు. చదువుకున్నవాణ్ని కదా, జడ్డిగాన్ని ఇచ్చేసి సంతకం పెట్టాను.

అమ్మకు తెలిశాక, ఏడు తిరిగిన నాడు దాన్ని చూడాలంది. విరుదునగర్‌లో బస్సెక్కించి కొండకు తీసుకెళ్లాను. అద్దాల పెట్టెలో జడ్డిగం వార్నిష్‌తో మెరుస్తోంది. బోర్లించింది బోర్లించినట్టే ఉంది. కింద చీటీ మీద మా ఊరి పేరు ఉంది, అమ్మ ఊసు లేదు.

అమ్మ నావైపు తిరిగి కొంగుముడి విప్పింది. అందులో సజ్జలు.

"అద్దాన్ని తెరవమని చెప్పు సామీ. రెండు గింజలేసేసి పోతాము."

కాపలా మనిషిని తమిళంలో బతిమాలాను. కుదరదన్నాడు. అమ్మ ఆ గింజలను మళ్లీ ముడేసుకుంది.

కొండ దిగేటప్పుడు బస్సులో తన కుడి చెయ్యి నా ఒళ్లో పెట్టింది. విత్తనాలు వదిలి వదిలి వేళ్లు వంకరపోయిన చెయ్యి.

"దీన్ని గూడా ఇచ్చేస్తావా సామీ?"